రాళ్ల ఊరికి నాన్నగారు వస్తున్నారు

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు ముప్పై ఎనిమిది, పుట్టిల్లు చీరాల. పదకొండేళ్ల కిందట ఇంట్లో అందరూ వద్దంటున్నా ఇక్కడి అబ్బాయిని పెళ్లి చేసుకుని వచ్చేశారు. కులాలు వేరు, జిల్లాలు వేరు, మాట తీరు వేరు. తండ్రి హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఆమె ఇల్లు విడిచిన రోజున ఆయన గుమ్మంలో నిలబడి, “ఆ రాళ్ల ఊళ్లో ఏముందని పోతున్నావు?” అన్నారట. తర్వాత ఏళ్ల తరబడి మాటల్లేవు. బాబు పుట్టినప్పుడు తల్లి ఒక్కరే వచ్చి, మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి వెళ్లారు. ఆవిడ చూసిన వరంగల్ ఆ ఆసుపత్రి వరండాయే. తండ్రి మూడేళ్లుగా ఫోనులో మాట్లాడుతున్నారు, అదీ ఎక్కువగా మనవడితోనే.

ఇప్పుడు కార్తికమాసంలో ఇద్దరూ కలిసి మొదటిసారి వస్తున్నారు. శనివారం మధ్యాహ్నం దిగి సోమవారం రాత్రి బండికి వెళ్లిపోతారు. తండ్రికి డెబ్బై రెండేళ్లు, కుడి మోకాలికి నిరుడు ఆపరేషన్ అయింది. ఈ రెండున్నర రోజుల కోసం ఆమె భర్త పదిహేడు చోట్లతో ఒక జాబితా రాశారు. వేయి స్తంభాల గుడి, కోట, భద్రకాళితో మొదలై రామప్ప, లక్నవరం, బొగత జలపాతం మీదుగా కాళేశ్వరం దాకా ఉంది. అత్తగారికి మరో పట్టుదల: వియ్యంకులు ఎప్పటికైనా గడప తొక్కితే వాళ్లను వెంటబెట్టుకుని మేడారం వచ్చి బెల్లం సమర్పిస్తానని మొక్కుకున్నారు. “నాకు మాత్రం ఒక్కటే కోరిక. మంచి ఊరే అని నాన్న నోటితో అనిపించాలి. ఏది చూపిస్తే అంటారు? ఏది తప్పకుండా చూడాలి, ఏది మానాలి? ఎవరినీ నొప్పించకుండా ఎలా?” అని అడిగారు. అంతా అయ్యాక వేరే ఇంకుతో ఒక ముక్క చేర్చారు: “నేనే ఈ పదకొండేళ్లలో కోటకు రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఫోటోలు దిగి వచ్చేశాం.”

సమాధానం:

అమ్మా, వేరే ఇంకుతో రాసిన ఆ ముక్క దగ్గరే మొదలుపెడతాను. మీరు సరిగ్గా చూడని ఊరిని మీ నాన్నగారికి చూపించి మెప్పు పొందాలనుకుంటున్నారు. తప్పు పట్టడం లేదు. నేను హనుమకొండలో పుట్టి పెరిగినదాన్ని. మా ఇంటికి చుట్టాలు వచ్చేదాకా నేనూ కోటలోకి సరిగ్గా అడుగుపెట్టలేదు. ఒకసారి మా పెద్దమ్మ వాళ్లు వస్తే ఒక్క రోజులో తొమ్మిది చోట్లు తిప్పాను. మరుసటి ఏడాది ఏం గుర్తుందని అడిగితే, దారిలో చింతచెట్టు కింద ఆగి పులిహోర తిన్నది గుర్తుందన్నారు. అప్పటి నుంచి చుట్టాలకు జాబితాలు రాయడం మానేశాను.

మీ నాన్నగారి మాట సంగతి. పదకొండేళ్లుగా అది మీకు ముల్లులా గుచ్చుకుంటోంది, న్యాయమే. కానీ తెలుగు పండితుడు కదా, కోపంలో అన్నా పొల్లు మాట అనలేదు. ఇది నిజంగానే రాళ్ల ఊరు. ఓరుగల్లు అంటేనే ఒంటి రాయి. సంస్కృతంలో ఏకశిలానగరం అన్నా అదే అర్థం. కోట నడుమ లేచి నిలబడ్డ ఆ ఒక్క గుట్ట వల్లే ఊరికి పేరు వచ్చింది. ఆయన వేళాకోళంగా అన్నదాన్ని మీరు అబద్ధమని రుజువు చేయనక్కర్లేదు. నిజమని చూపించండి చాలు. బొగత జలపాతాలూ లక్నవరం వేలాడే వంతెనా చూపించి ఇది రాళ్ల ఊరు కాదని వాదించబోతే, రెండున్నర రోజులు కారులోనే గడిచిపోతాయి.

జాబితా తీసి చూడండి. అందులో ఒకరి కోరికలు కావు, ముగ్గురివి ఉన్నాయి. మీ వారు తన ఊరి గొప్ప మామగారికి చూపించాలనుకుంటున్నారు. అత్తగారు దేవతలకు ఇచ్చిన మాట చెల్లించాలనుకుంటున్నారు. మీరు ఒక పాత మాటకు జవాబు చెప్పించాలనుకుంటున్నారు. వచ్చే ఇద్దరికి ఏం కావాలో మాత్రం ఎవరూ అడిగినట్టు లేరు. ఈ రాత్రే ఫోను చేసి అడగండి. “ఎక్కడికి తీసుకెళ్లమంటారు?” అంటే “మీ ఇష్టం” అంటారు, అందరు తండ్రులూ అనే మాటే అది. “ఎంతసేపు నడవగలరు, ఎన్ని మెట్లు ఎక్కగలరు, పొద్దున్నా సాయంత్రమా” అని అడగండి. జవాబు వస్తుంది.

ఆ జవాబును బట్టి మీకు మూడు దారులున్నాయి.

మొదటిది, ఊరు దాటకపోవడం. శనివారం దిగిన పూట ఎక్కడికీ కదలకండి. మీ అత్తగారు సర్వపిండి చేస్తారు, మీ అమ్మగారు తెచ్చిన డబ్బాలు తెరుస్తారు, మనవడు తాతగారికి తన పుస్తకాలన్నీ చూపిస్తాడు. ఆదివారం పొద్దున్నే ఎండ ఎక్కకముందు కోట. సాయంత్రం వేయి స్తంభాల గుడి. సోమవారం భద్రకాళి గుడి, ఆ చెరువు గట్టు. మోకాలికి ఇది హాయి. అయితే రామప్ప చూడకుండానే వాళ్లు వెళ్లిపోతారు. మీ వారు లోపల నొచ్చుకుంటారు, రేపు చీరాలలో ఎవరైనా “రామప్ప చూశారా?” అని అడిగితే మీ నాన్నగారు “లేదు” అనాల్సి వస్తుంది. ఆ ఒక్క “లేదు” మీకు కష్టంగా అనిపిస్తే ఈ దారి మీది కాదు.

రెండోది, ఆదివారం మొత్తం రామప్పకే ఇచ్చేయడం. ఆ గుడి ఉన్న పాలంపేట ఇక్కడికి అరవై డెబ్బై కిలోమీటర్లు, రానూపోనూ మూడు నాలుగు గంటలు కారులోనే. అక్కడ కనీసం రెండు గంటలైనా ఉండకపోతే వెళ్లడం దండగ. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన తర్వాత ఆదివారాలు జనం బాగా ఉంటున్నారు. గోడలు ఎర్రటి ఇసుకరాయివి, స్తంభాలూ, వాటి పైన వాలినట్టుండే స్త్రీమూర్తులు మదనికలూ నల్లరాయివి. ఆ నల్లరాతిలో చేసిన పనితనం దగ్గరికి వెళ్లి, తలెత్తి, కాసేపు నిలబడి చూడాలి. నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం కట్టారని, పునాదిలో ఇసుక నింపారని గైడు చెబుతాడు. నిజమే, అయితే ఆ ఇటుకల కథ వింటూ మదనికలను చూడకుండా వచ్చేసేవాళ్లు చాలామంది. గుడికి శిల్పి రామప్ప పేరు నిలిచిందని జనం చెప్పుకొంటారు. కట్టించినవాడి పేరు శాసనంలోనే ఉండిపోయింది. మీ నాన్నగారికి ఈ సంగతి నచ్చుతుంది, చూడండి.

నటరాజ రామకృష్ణగారు పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోసింది ఈ గుడి శిల్పాలనూ జాయపసేనాని నృత్తరత్నావళినీ ఆధారం చేసుకునే. ఆ గ్రంథం పేరు ఆయనకు తెలియకుండా ఉండదు. శిల్పాల ముందు నిలబెట్టి మీరు ఊరుకోండి. ఆయనే మనవడికి పాఠం మొదలుపెడతారు. గుడి ఎత్తైన రాతి అరుగు మీద ఉంది, కొన్ని మెట్లున్నాయి. చెప్పులు బయట విడవాలి, మిట్టమధ్యాహ్నం బండలు కాలుతాయి. పొద్దున ఏడింటికి బయలుదేరితే అన్నీ సర్దుకుంటాయి. ఈ దారిలో నష్టం ఏమిటంటే ఊళ్లోని వాటికి ఒక్క సోమవారమే మిగులుతుంది, కోటను హడావుడిగా చూడాల్సి వస్తుంది. రామప్పకు వెళ్లినవాళ్లు పక్కనే ఉందని గణపురం కోటగుళ్లూ, దారే కదా అని లక్నవరమూ తగిలిస్తారు. మీ వారు తప్పకుండా తగిలిస్తారు. తగిలించనివ్వకండి.

మూడో దారి నాకు ఎక్కువ ఇష్టం. మీకు భయం వేయవచ్చు. ఒక పూట అందరూ కలిసి తిరగకుండా రెండుగా విడిపోవడం: ఆదివారం పొద్దున మీ వారు, మీ నాన్నగారు, బాబు కోటకు, మీరు, మీ అమ్మగారు, అత్తగారు నేతగాళ్ల పేట కొత్తవాడకు.

కొత్తవాడ ఎందుకంటారా? మీ అమ్మగారు చీరాల మనిషి. మీరే రాశారు, ఆవిడ పుట్టింట్లో మగ్గం ఉండేదని. ఆవిడను గుళ్ల చుట్టూ తిప్పే వాళ్లకు ఈ సంగతి తట్టదు. కొత్తవాడలో ఇప్పటికీ షత్రంజీలు, అంటే జంపఖానాలు, నేస్తున్నారు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి తివాచీలు 1851లో లండన్ ప్రదర్శనకు వెళ్లాయి. అదంతా ఆవిడకు చెప్పనక్కర్లేదు. మగ్గం చప్పుడు విని లోపలికి తొంగిచూస్తారు, నూలు పట్టుకుని చూస్తారు, ధర అడుగుతారు, ఎక్కువంటారు. తన ఊరి పని తెలిసినవాళ్లు ఇక్కడా ఉన్నారని ఆవిడకు మీరెవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మీ అత్తగారు పక్కనే ఉంటారు కనుక బేరం ఇద్దరూ కలిసి చేస్తారు. పెళ్లి నాడు కలవని వియ్యపురాళ్లు ఒక జంపఖానా దగ్గర కలవడం తక్కువ సంగతేమీ కాదు.

ఇక కోట. మీ భయమంతా అక్కడే ఉందని నాకు తెలుసు. మామా అల్లుళ్లు మొదటిసారి మూడు గంటలు ఒంటరిగా ఉంటారు. పాత మాట ఏదైనా పైకి వస్తే? రావచ్చు. ఇంట్లో సోఫాల మీద ఎదురెదురుగా కూర్చుంటే మరీ వస్తుంది. కోటలో చూపు ఆనడానికి ఏదో ఒకటి ఉంటుంది. బాబు ఉన్నాడు. వాడికి తొమ్మిదేళ్లు, ప్రశ్నలు ఆగవు. మీ వారికి ఒకటి మాత్రం చెప్పండి: వివరించవద్దు, చూపించు. తెలుగు పండితుడికి చరిత్ర పాఠం చెప్పబోతే తప్పులు పట్టుకుంటారు, వాతావరణం పరీక్ష పేపరు దిద్దే బల్లలా తయారవుతుంది.

చూపించడానికి చాలా ఉంది. కారును ఒకేసారి తోరణాల దగ్గర ఆపవద్దనండి. ముందు మట్టికోట, తర్వాత రాతికోట. ఆ రాతికోట ద్వారంలో దారి తిన్నగా పోదు, మలుపు తిరిగి పోతుంది. దండెత్తి వచ్చినవాడు వేగంగా దూసుకురాకుండా చేసిన ఏర్పాటు అది. ఇవాళ ఆటోలూ ట్రాక్టర్లూ అదే మలుపు తిరుగుతున్నాయి. లోపల ఇళ్లున్నాయి, చేలున్నాయి, మనుషులు బతుకుతున్నారు. చచ్చిన కోట కాదది. నడుమ ఖాళీ నేల, నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు. వాటి మధ్య ఉండిన స్వయంభూదేవుడి గుడి లేదు, దాని ముక్కలు నేలంతా పరిచి ఉన్నాయి. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుఘ్ ఖాన్ సేనలు ప్రతాపరుద్రుణ్ని పట్టుకున్నాక ఊరి పేరే సుల్తాన్‌పూర్ అయింది. గుడి పోయి వాకిళ్లు మిగిలిన చోటు అది. ఆ తోరణమే ఇవాళ తెలంగాణ రాజముద్రలో ఉంది. ప్రభుత్వ కాగితాల మీద వెయ్యిసార్లు చూసినదాన్ని ఎదురుగా చూస్తే మనిషి కాసేపు మాట్లాడడు. నేల చదునుగా ఉంటుంది, మోకాలికి ఇబ్బంది లేదు. ఖుష్ మహల్ పక్కనే. ఏకశిల గుట్టకు మెట్లున్నాయి, అది మాత్రం ఆయన ఇష్టానికి వదిలేయండి.

ఒక్క సంగతి బాబు చేత అడిగించండి: “తాతయ్యా, మోటుపల్లి మీ ఊరికి దగ్గరేనా?” చీరాలకు దగ్గర్లోని ఆ సముద్రతీరంలో 1244లో శాసనం వేయించింది ఈ కోట కట్టిన గణపతిదేవుడే. గాలివానకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు అంతా లాక్కునేవారు. నేను అలా చేయను, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటానని వర్తకులకు అభయం ఇచ్చాడు. మీ నాన్నగారికి ఈ శాసనం తెలిసే ఉంటుంది. అది ఎవరు వేయించారో తెలిసినా, ఆ రాజు ఇంటి వాకిట్లో తాను నిలబడి ఉన్నానన్నది ఆ క్షణంలో తట్టకపోవచ్చు. మీ రెండూళ్లకూ మీ పెళ్లికి ముందే బంధుత్వం ఉంది.

సోమవారం గురించి జాగ్రత్త. కార్తిక సోమవారం వేయి స్తంభాల గుడి కిటకిటలాడుతుంది. మీ అమ్మగారు, అత్తగారు తెల్లవారుజామునే వెళ్లి దీపాలు పెట్టుకుని రావాలి. నాన్నగారిని ఆ రద్దీలోకి తీసుకెళ్లవద్దు. ఆయనకు శనివారం పొద్దుగూకాకో ఆదివారం సాయంత్రమో చూపించండి. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం: శివుడు, విష్ణువు, సూర్యుడు. నంది నల్లరాతిది, నునుపు చూస్తే నిన్న చెక్కినట్టుంటుంది. ఎదుటి కల్యాణ మండపాన్ని రాయి రాయిగా విప్పి, ఏళ్ల తరబడి శ్రమపడి మళ్లీ నిలబెట్టి 2024 శివరాత్రికి తెరిచారు. మా పిల్లలు చిన్నప్పుడు చూసిన కుప్ప ఇప్పుడు మండపమైంది. స్తంభాలు లెక్కపెట్టనివ్వకండి, ఎవరికీ వెయ్యి రావు. దానికి బదులు శాసనం దగ్గరికి తీసుకెళ్లండి. అచింతేంద్రుడు రచించిన సంస్కృత శాసనం అది, కాకతీయులు స్వతంత్రులమని చాటుకున్నది అందులోనే. అక్షరాలు కూడబలుక్కుంటూ ఆయన ఎంతసేపు నిలబడినా తొందరపెట్టవద్దు. బాబును పక్కన నిలబెట్టి మీరు నంది దగ్గర కూర్చోండి.

మేడారం మాట. అత్తగారి మొక్కును “ఈసారి కుదరదు” అని కొట్టేయకండి, ఆవిడ పదకొండేళ్లుగా మీ కోసం మొక్కుకున్నారు. అలాగని రామప్ప రోజుకు మేడారం అతికిస్తే రెండూ చెడతాయి. దారి దూరం, అడవి దారి, చీకటి పడిపోతుంది. రెండు పనులు చేయవచ్చు. మీ నాన్నగారి ఎత్తు బెల్లం ఇప్పుడే ఇంట్లో తూయించి పక్కన పెట్టండి. అక్కడ దాన్ని బంగారం అంటారని, సమ్మక్క సారలమ్మ కాకతీయ సేనలతో పోరాడిన తల్లీకూతుళ్లని అత్తగారే చెప్పాలి, మీరు కాదు. కోటలో కాకతీయుల గొప్ప చూసి వచ్చిన మనిషి, అదే రాజుల మీద తిరగబడిన అడవి బిడ్డల కథను అదే రోజు రాత్రి మీ వంటింట్లో వింటారు. ఏ గైడూ ఇంత పొందికగా చెప్పలేడు. తర్వాత ఆ బెల్లం మీ అత్తగారు మరోవారం సమర్పించి వస్తారు. లేదా వియ్యంకులను రెండేళ్లకోసారి మాఘంలో జరిగే జాతరకు పిలుస్తారు. ఆ పిలుపు ఆవిడే పిలవాలి. వస్తారో రారో అప్పటి సంగతి.

భద్రకాళికి ఒక సాయంత్రం చాలు. పద్మాక్షి గుట్ట ఈసారికి వద్దు, మెట్లు. జూ వద్దు. కాళేశ్వరం ఇంకో ప్రయాణం, అందులో మాట లేదు.

మీ వారి జాబితాలో పదహారోదిగా, దాదాపు కొట్టేసినట్టు రాసిన పేరు ఒకటుంది: బమ్మెర. నా మాట వింటే, రామప్ప వద్దనుకున్న పక్షంలో సోమవారం పగలు అక్కడికి వెళ్లండి. పాలకుర్తి దగ్గర, గంట పైచిలుకు ప్రయాణం. చూడడానికి పెద్దగా ఏమీ లేదు, ముందే చెబుతున్నాను. కానీ ముప్పై ఏళ్లకు పైగా పిల్లల చేత భాగవతం పద్యాలు వల్లె వేయించిన మనిషి పోతన ఊరి మట్టి మీద నిలబడతారు. అక్కడే గొడవ కూడా మొదలవుతుంది, మంచి గొడవ. పోతన చెప్పుకున్న ఏకశిలానగరం ఓరుగల్లా, కడప జిల్లా ఒంటిమిట్టా అని పండితులు తరాలుగా వాదించుకున్నారు. మీ నాన్నగారు ఏ పక్షమో నాకు తెలియదు. ఒంటిమిట్ట పక్షమైతే మీ వారిని గట్టిగా వాదించమనండి. అల్లుడితో మామగారు పదకొండేళ్ల తర్వాత పోతన గురించి పోట్లాడితే నేనైతే సంతోషిస్తాను.

ఇంత చెప్పాక కూడా ఆయన “మంచి ఊరే” అనకపోవచ్చు. ఆ మాట అనిపించాలన్న ఆశతో ప్రతిచోటా ఆయన ముఖం వైపు చూస్తూ ఉంటారేమో, అది ఆయనకు తెలిసిపోతుంది. బడిలో కాపీ కొట్టే పిల్లల్ని పట్టిన కళ్లు కదా. అందుకే ఒక పూటైనా మీరు వెంట ఉండవద్దని చెప్పింది. కోటకు మీరూ వెళ్లాలనిపిస్తే సోమవారం మధ్యాహ్నం, రైలుకు ముందు, నాన్నగారూ మీరూ ఇద్దరే మళ్లీ ఒకసారి వెళ్లి రండి. మీరు అసలు చూడలేదు కదా, ఆయన్నే చూపించమనండి.

ఒక మడత కుర్చీ కారు డిక్కీలో పెట్టించండి. తోరణానికి ఎదురుగా, ఎండ వీపున పడేలా వేయండి. నీళ్ల సీసా, ఆయన కళ్లజోడు మరచిపోకండి. ఆయన ఏమీ మాట్లాడకుండా కూర్చుంటే మీరూ పక్కన ఏదో ఒక రాయి మీద కూర్చోండి. కూర్చోవడానికి అక్కడ రాళ్లకు కొదవ లేదు.